ఏడో కుర్చీకి పంచిన పత్తాలు

నాగరాణి చేతులు లెక్క తప్పేవి కావు. గోవాలో నది మీద నిలిపిన కాసినో పడవలో ఆరేళ్లు పోకర్ డీలర్‌గా, అంటే పేక పత్తాలు పంచే మనిషిగా పనిచేసింది. బల్ల చుట్టూ ఎందరుంటే అందరికీ, మనిషికి రెండేసి పత్తాలు, కళ్లెత్తి చూడకుండానే జార్చేది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి.

ఆ ఉద్యోగం ఎందుకు పోయిందో సొంతూరు మొగుడంపల్లిలో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ఒకడు పెద్ద ఆట గెలిచి, టిప్పు ఇస్తున్నానంటూ, ఆటలో డబ్బుకు బదులు వాడే ప్లాస్టిక్ బిళ్లను ఆమె కోటు జేబులో వేయబోయి చెయ్యి మరోచోటికి పోనిచ్చాడు. నాగరాణి ఆ బిళ్లను తీసి అతని మందు గ్లాసులో వేసింది. గంట తిరక్కముందే మేనేజర్ పిలిపించి, నవ్వి ఊరుకోవాల్సింది కదా అన్నాడు. మర్నాడు ఆమె ఊరి బస్సెక్కింది.

జహీరాబాద్ చుట్టుపక్కల ఈ పనికి చోటు లేదనుకుంటే పొరపాటు. ఉంది, బోర్డు ఉండదంతే. న్యాల్‌కల్ రోడ్డు మీద, చెరకు తోటల వెనక మహిధర్‌కు ఒక ఫామ్‌హౌస్ ఉంది. ఆట పొద్దున పదకొండుకు మొదలై సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. రాత్రి పూట కార్లు ఆగితే ఊళ్లో అనుమానపడతారు, పగలైతే భూమి బేరం అనుకుని పోతారని మహిధర్ లెక్క. గోవాలో పనిచేసిన డీలర్ దొరికిందని అతను సంబరపడ్డాడు.

"నెల జీతం నేనిస్త. టిప్పులు నీ నసీబు," అన్నాడు మొదటి రోజే. "జర ఓపిక వట్టాలె. మనోళ్లు ఓడిపోతే నోరు జారుతరు."

గది కిటికీలకు మందపాటి పరదాలు వేసి ఉన్నాయి. బయట ఎండ పేలిపోతున్నా లోపల ట్యూబ్‌లైట్ల తెల్లటి వెలుగే. ఆకుపచ్చ గుడ్డ పరిచిన కోలబల్ల చుట్టూ డీలర్ కుర్చీ కాక ఏడు కుర్చీలు. ఆడేది మహిధర్‌తో కలిపి ఆరుగురు. ఏడో కుర్చీలో ఎవరూ కూర్చోరు. ఎందుకని నాగరాణి అడగలేదు.

ఆరుగురిలో నోటి దురుసు అమర్నాథ్‌ది. ఇళ్ల స్థలాల వెంచర్లు వేసి అమ్ముతాడు. మొదటి ఆట గెలవగానే ఒక బిళ్ల ఆమె చేతికివ్వకుండా బల్ల కిందికి విసిరాడు.

"నీ టిప్పు గాడ వడ్డది. వంగి తీస్కో."

మిగిలినవాళ్లు నవ్వారు. నాగరాణి వంగలేదు, తర్వాతి ఆటకు పత్తాలు కలిపింది. సాయంత్రం వంటమనిషి మణెమ్మ ఊడ్చేటప్పుడు ఆ బిళ్లను తీసి కొంగుతో తుడిచి, వంటగదిలో ఆమె గుప్పిట్లో పెట్టింది.

మూడో రోజున చేతులు తప్పాయి.

ఆరుగురికీ పంచాననే అనుకుంది. కానీ ఏడో కుర్చీ ముందు రెండు పత్తాలు బోర్లా పడి ఉన్నాయి.

"గోవాల గిట్లనే నేర్పిన్రా?" అన్నాడు అమర్నాథ్. మహిధర్ ఆట రద్దు చేసి, ఆ రోజు టిప్పులు జరిమానా కింద పట్టుకున్నాడు. నాగరాణి లోపల పళ్లు కొరుక్కుంటూ మళ్లీ పంచింది, ఈసారి ప్రతి మనిషినీ చూసి మరీ. గంట బాగానే సాగింది. తర్వాత ఎవరో టీ అడిగారు, ఆమె చూపు తలుపు వైపు పోయింది. తిరిగి చూస్తే ఏడో కుర్చీ ముందు మళ్లీ రెండు పత్తాలు.

వెనక్కి తీసుకోబోతే వేళ్లకు వెచ్చగా తగిలాయి. ఎవరో చాలాసేపు అరచేతిలో పట్టుకుని వదిలినట్టున్నాయి. ఏసీ గదిలో మిగతా పత్తాలన్నీ చల్లగా ఉన్నాయి.

ఆ మర్నాడు ఏడో కుర్చీ ముందు మళ్లీ పడ్డ పత్తాల కింద ఒక బిళ్ల కనబడింది. ఎవరిదని అడిగితే ఆరుగురూ తమది కాదన్నారు. ఏ బిళ్లయినా నాదేనని లాక్కునే అమర్నాథ్ కూడా చెయ్యి చాపలేదు. అది పడేసినట్టు లేదు. డీలర్‌కు అందే దూరంలో, గుడ్డ మీద గీసిన గీత మీద, నిమ్మళంగా పెట్టినట్టుంది. టిప్పును అలా పెట్టేది ఒక్కరే, ఎప్పుడో ఒకప్పుడు తానూ డీలర్‌గా కూర్చున్న మనిషి. నాగరాణి ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. అయినా ఆ గదిలో చేరిన తర్వాత తనకు మర్యాదగా అందిన మొదటి టిప్పు అదేనని కూడా అనిపించింది.

మహిధర్ ఏడో కుర్చీని వరండాలోకి గెంటించాడు. తెల్లారి నాగరాణి వచ్చి చూస్తే కుర్చీ బయటే ఉంది. కానీ అది ఉండే చోట, బల్ల మీది ఆకుపచ్చ గుడ్డలో రెండు గుంటలు. ఎవరో మోచేతులు ఆనించి కూర్చున్నట్టుగా. అరచేత్తో ఎంత సాపు చేసినా గుడ్డ పైకి లేవలేదు.

ఆ రోజు అమర్నాథ్ వరసగా నాలుగు ఆటలు ఓడాడు. నాలుగో ఆట ఓడగానే పత్తాలను ఆమె ముఖం మీదికి విసిరికొట్టాడు. ఒక పత్తా అంచు కంటి కింద గీరుకుని నెత్తురు చిమ్మింది.

"నీ చేతుల శని ఉన్నది. ఇంకా టిప్పు గావాల్నా? ఇగో, ఏరుకో!" గుప్పెడు బిళ్లలు నేల మీద దొర్లించాడు.

అమర్నాథ్ పక్కనున్న ప్రేమ్‌సాగర్ తల దించుకుని తన బిళ్లలు సర్దుకున్నాడు. నాగరాణి రుమాలుతో కంటి కింద ఒత్తుకుంది. లేచి పోదామనుకుంది. చేతులు మాత్రం పత్తాలు కలిపి పంచేశాయి. ఆరుగురికి రెండేసి. కుర్చీ లేని చోట రెండు.

ఈసారి ఎవరి పత్తాలు వాళ్లు ఎత్తుకున్నారు. ఆట ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. ప్రేమ్‌సాగర్ ఈ ఆట వద్దని పత్తాలు పడేశాడు. తర్వాత మహిధర్ వంతు. కానీ నాగరాణి మెడ ఖాళీ చోటు వైపు తిరిగింది. అతిథిని అడిగినంత మర్యాదగా ఆమె గొంతు పలికింది.

"సార్, మీ వంతు."

టక్, టక్.

పందెం వద్దు, ముందుకు సాగండి అనడానికి ఆటగాళ్లు బల్ల మీద వేలి కణుపులతో రెండుసార్లు కొడతారు. ఆ చప్పుడే, అందరికీ వినబడింది. ఆకుపచ్చ గుడ్డలో గుంటలు కొంచెం లోతయ్యాయి, కూర్చున్న మనిషి ముందుకు వంగినట్టు.

ప్రేమ్‌సాగర్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. అమర్నాథ్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

"శంకరప్పా," అన్నాడు. "నేనేం జేసిన? ఆట అయినంక పో అన్న. గంతే గద. గంతే గద అన్నది!"

లేచిన ఊపుకు అతని కుర్చీ పడిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా కారు దాకా పరుగెత్తాడు. పది నిమిషాల్లో వాకిట్లో ఒక్క కారు కూడా మిగల్లేదు. మహిధర్ ఒక్కడే నిలబడి ఆమె వైపు వేలు చూపించాడు.

"నువ్వేం ఇనలే. సమజైందా?"

వంటగదిలో మణెమ్మ పొయ్యి ఆర్పేసి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఎవరక్కా శంకరప్ప?" నాగరాణి ఆమె పక్కనే నేల మీద కూలబడింది.

మణెమ్మ తలుపు వైపు ఒకసారి చూసింది. "నీకంటె ముందుగాల ఈడ పత్తాలు వంచినోడు బిడ్డా. న్యాల్‌కల్ దిక్కు ఊరు. బిళ్లలు కింద ఏస్తే ఏరుకునెటోడు, ఏమన్నా నవ్వెటోడు. పోయిన ఎండకాలం ఒకనాడు ఛాతిల నొప్పి అన్నడు. జర లేస్త సార్ అని దండం వెట్టిండు. అమర్నాథ్ సార్‌కు మంచి పత్తాలు వడ్డయేమో, ఆట అయినంక పో అన్నడు. మా సార్ గూడ కూసో అన్నడు. చెమటలు గార్తుంటె గా ఆట మొత్తం వంచిండు. బిళ్లలన్నీ అమర్నాథ్ సార్ ముంగటికి జరిపి, గట్లనే బల్ల మీద తలకాయ వెట్టిండు. టిప్పు కోసం నకరాలు వడుతుండని నవ్విన్రు. నేను నీళ్లు దెచ్చేసరికి పానం లేదు."

"దవాఖానకు తీస్కపోలేదా?"

"తీస్కపోతె ఏడ వనిజేస్తుండె అని అడగరా? కార్ల ఏస్కపోయి హైవే పక్కన పండవెట్టిన్రు. తాగి వడ్డడు అనుకోవాలెనని మీద మందు పోసిన్రు. గా సీసా నా చేతులకెల్లే గుంజుకున్నరు." ఆమె తన అరచేతులకేసి చూసుకుంది. "గా ఏడో కుర్చీ ఉన్న జాగ లేదా, అప్పుడు డీలర్ కూసునేది గాడనే. ఆయిన వోయినంక బల్ల తిప్పిన్రు."

నాగరాణికి ఆ రాత్రి కన్ను మూతపడలేదు. నోరు విప్పితే ఆ ఇంట్లో పత్తాలు పంచినందుకు తన పేరూ కేసులోకి ఎక్కుతుంది. గోవా సంగతీ ఊళ్లో తెలుస్తుంది. కానీ చెమటలు కారుతూ చివరి పత్తా దాకా పంచిన ఆ మనిషి కళ్ల ముందు నుంచి కదల్లేదు. తెల్లవారగానే ఆటో మాట్లాడుకుని శంకరప్ప ఊరికి పోయింది.

శంకరప్ప భార్య సుగుణమ్మ వాకిట్లో కూర్చుని అల్లం కొమ్ములకు మట్టి దులుపుతోంది. ఇంట్లో దేవుడి పటాలున్నాయి, పెళ్లి ఫోటో ఉంది. పోయిన మనిషి ఫోటో మాత్రం ఎక్కడా లేదు. నాగరాణి చూపు గమనించి ఆమే చెప్పింది.

"మా బావ పెట్టొద్దన్నడు. తాగి రోడ్డు మీద సచ్చినోనికి దండ ఎందుకన్నడు. ఏడాది మాసికం గూడ చెయ్యనియ్యలే."

"ఆయిన తాగలేదక్కా," అంది నాగరాణి.

మణెమ్మ చెప్పింది చెప్పినట్టు వినిపించింది. సుగుణమ్మ ఏడవలేదు. అల్లం కొమ్ము ఒకటి చేతిలో అట్లాగే ఉండిపోయింది. గదిలో జరిగింది కూడా చెప్పాలో లేదో తెలియక నాగరాణి కాసేపు తటపటాయించింది. చివరికి పత్తాల సంగతి, బల్ల మీద గుంటల సంగతి, ఆ రెండు దెబ్బల సంగతి చెప్పింది.

"ఎట్ల గొట్టిండు?"

నాగరాణి వేలి కణుపులతో అరుగు మీద కొట్టి చూపించింది. టక్, టక్.

సుగుణమ్మ కళ్లు అప్పుడు నిండాయి. "తినేటప్పుడు గిట్లనే గొడుతుండె. నేను ఇంకా అన్నం వెట్టవోతే కంచం పక్కన గిట్ల రెండుసార్లు గొట్టెటోడు. చాలు అని. నోట్ల బుక్క ఉంటుండె గద, మాట్లాడరాదు."

వాకిట్లో ఎండ ఎక్కుతోంది. తర్వాత సుగుణమ్మ లేచి చేతులు కడుక్కుంది, బీరువా లోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

"నడువు చెల్లె. ముందుగాల మా బావ ముంగట చెప్పు. ఎన్క ఠాణాకు పోదాం."

నాగరాణి రెండు చోట్లా చెప్పింది. బావగారి వాకిట్లో పదిమంది పోగయ్యారు. ఆమె చెప్పడం అయ్యాక బావగారు లేచి ముఖం కనబడకుండా లోపలికి పోయాడు. ఠాణాలో సగం రోజు పట్టింది. ఆ ఇంట్లో ఏం పని చేశావు, ఎన్నాళ్లు చేశావు అని అడిగితే నాగరాణి దాచకుండా చెప్పి తన పేరు రాయించుకుంది. మధ్యాహ్నం దాటాక మణెమ్మ కూడా ఆటో దిగి, కొంగు తల మీదికి లాక్కుని లోపలికి వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. ఆ వారంలోనే ఫామ్‌హౌస్‌కు తాళం పడింది, మహిధర్‌ను తీసుకుపోయారు. అమర్నాథ్ ఊళ్లో లేడు, వెతుకుతున్నామన్నారు.

ఠాణాకు పోయిన ఆ రోజు ఫిర్యాదు రాసే కానిస్టేబుల్ కలం తీసి, చనిపోయిన తేదీ చెప్పమ్మా అని సుగుణమ్మను అడిగాడు.

ఆమె బల్ల మీదికి వంగి అతని కాగితం వైపు చూసింది.

"తారీకు ఎన్క చెప్త సారు. మా ఆయిన తాగలే. ముందుగాల గది రాయిన్రి."