అన్నయ్యకు కట్టిన కాగితపు ఇల్లు

వెదురు బద్దలు చీల్చి నానబెట్టాలి. జిగురు కాచాలి. ఎర్ర కాగితం, బంగారు రేకు కాగితం సరిపడా ఉన్నాయో లేదో అటక మీద వెతకాలి. గుడి వెనకున్న ఖాళీ జాగాలో ఇల్లు కాలుస్తామని గుడి పెద్దలకు ముందే చెప్పి రావాలి. ఫొటో పెద్దది చేయించాలి. అన్నయ్య పుట్టిన ఘడియ పూజారికి చెప్పాలి. వదినకు నాలుగు మెతుకులు తినిపించాలి.

ఇవన్నీ బీహ్వా నెత్తిన పడ్డాయి. పడినందుకు ఆమె బాధపడలేదు. చేతిలో పని ఉంటేనే నయం అనుకుంది.

లుకాంగ్ ఊళ్లో, సముద్రపు గాలి మలుపులు తిరిగి వచ్చే ఇరుకు సందులో వాళ్లది కాగితపు ఇళ్ల దుకాణం. పోయినవాళ్లకు అక్కడ ఉండటానికి ఇల్లు కావాలి కదా. వెదురుతో, కాగితంతో కట్టి తంతు చివర కాలిస్తే అది వాళ్లకు చేరుతుంది. మేడ కావాలంటే మేడ, కారు కావాలంటే కారు, వంటమనిషి కావాలంటే వంటమనిషి. తాత కట్టాడు, నాన్న కట్టాడు, తర్వాత అన్నయ్య తియెన్‌లోక్ కట్టాడు. కాలిపోయే ఆ ఇళ్ల మీద వచ్చిన సంపాదనతోనే బీహ్వా చదువుకుంది. వాళ్ల వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. పట్నంలో ఆడపిల్లల బడిలో బొమ్మలు నేర్పుతుండగా అన్నయ్యకు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. ఆమె ఉద్యోగం మానుకుని వచ్చేసింది. అప్పటినుంచి దుకాణంలో చేతులు ఆమెవి, నోరు అన్నయ్యది. చక్రాల కుర్చీలో గుమ్మం దగ్గర కూర్చుని సందంతా వినపడేట్టు అనేవాడు:

“ఏమ్మా టీచరమ్మా, ఆ గోడేంటి అట్లా వాలింది? చచ్చినోళ్లను మళ్లీ చంపుతావా?”

ఆ అన్నయ్య ఇప్పుడు లోపలి గదిలో శవం పెట్టెలో ఉన్నాడు. రేపు సాయంత్రం తంతు. ఊరందరికీ ఇళ్లు కట్టిన మనిషికి తనకంటూ దక్కేది ఈ ఒక్క ఇల్లే. అది ఆయనకు తగ్గట్టు కుదరాలి. కుదరకపోతే సరిచేసి మళ్లీ పంపే వీలుండదు. బీహ్వాకు ఉన్న భయమల్లా అదే.

మొదట్లో చేతులు సాగలేదు. బద్ద వంచబోతే విరిగింది. కాగితం అంటించబోతే కన్నీళ్లు జిగురులో పడ్డాయి. అన్నం తినాలి కాబట్టి తిన్నట్టు, కట్టాలి కాబట్టి కట్టింది. అయితే ఇంటి కప్పు కొసన పెట్టే బద్దను వంచుతున్నప్పుడు అది చేతిలోంచి జారి, ఆమె అనుకున్నదానికంటే ఎక్కువ వంగి నిలబడింది. తీసేద్దామని చెయ్యి చాచి ఆగిపోయింది. ఆ వంపు ఎగరబోయే కొంగ మెడలా ఉంది.

“బాగుందే!” అనుకుంది.

అక్కడినుంచి పని ఆమె చెప్పినట్టు వినడం మానేసి, తనే ఆమెకు చెప్పసాగింది. అంత ఎత్తున ఎగిరే కప్పు ఉన్నప్పుడు కింద ఒక్క అంతస్తు చాలదు. మేడ కట్టింది. మేడ కట్టాక సముద్రం వైపు వసారా లేకపోతే బోసిగా ఉంటుంది. వసారా పెట్టింది. వసారాకు నీలం గాజు కాగితం అంటిస్తే నేల మీద నీలపు నీడ పడింది. ఆ నీడలోకి దిగేట్టు మెలికలు తిరిగే మెట్లు ఉంటే? అలాంటి మెట్లు వాళ్ల దుకాణంలో ఎవరూ ఎప్పుడూ కట్టలేదు. ఒక్కో మెట్టూ పలచని అట్టతో మడిచి, మధ్యలో వెదురుపుల్ల నిలబెట్టి, దాని చుట్టూ విసనకర్ర విప్పినట్టు పేర్చింది. పైన, వసారా పక్కన, మంచం వేసింది. మంచానికి పట్టు తెరలు కట్టింది.

ఆకలి తెలియలేదు. పెట్టెలో ఉన్న మనిషి గుర్తురాలేదు. ఫోనుతో ఇంటిని ఫొటో తీసి, కాలేజీ స్నేహితురాళ్లు చూస్తే ఏమంటారో అనుకుంది. ఇంత మంచిదాన్ని కాల్చేయాలా అని కూడా అనుకుంది. ఆ మాట మనసులోకి వచ్చినప్పుడు ఆమెకు తప్పుగా అనిపించలేదు. వేళ్లకు జిగురు ఎండి చర్మం బిగుసుకుంటుంటే ఊదుకుంటూ, రాత్రి బజారులో అమ్మాయిలు పాడుకునే పాట ఒకటి కూనిరాగం తీస్తోంది.

వెనక గిన్నె చప్పుడైంది.

వదిన సోక్‌చిన్ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గంజన్నం, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు. తలకు చావు మైలకు కట్టుకునే మోటు జనపగుడ్డ. ఎంతసేపటినుంచి నిలబడిందో ఏమో.

పాట బీహ్వా గొంతులోనే ఆగిపోయింది. చెవులు వేడెక్కాయి. లోపల మొగుడు పెట్టెలో ఉన్న మనిషి ముందు, పెళ్లింటిని అలంకరిస్తున్నట్టు పాడుతూ దొరికిపోయింది.

“నాకు నువ్వు తినిపించాల్సింది పోయి, నీకు నేను తేవాల్సొచ్చింది” అంది వదిన. “తిను. చల్లారిపోతుంది.”

“వదినా, నేను… ఊరికే…”

“పాడుకో. నేనేమన్నా అన్నానా?”

ఏదైనా అని ఉంటే బాగుండేది. వదిన ఇంటి చుట్టూ నెమ్మదిగా తిరిగింది. వసారా చూసింది. తెరలు వేలితో తాకింది.

“చాలా బాగుంది బీహ్వా. ఇంత మంచి ఇల్లు ఈ సందులోంచి పోలేదు. ఆయన ఎక్కడ పడుకుంటాడు?”

“పైన, వదినా. సముద్రం కనిపిస్తుంది.”

“పైకి ఎట్లా వెళ్తాడు?”

బీహ్వా ఇంటివైపు తిరిగింది. ఎదురుగా మెట్లు ఉన్నాయి, మెలికలు తిరుగుతూ, ఎంతో అందంగా.

ఊదొత్తులు తీసుకొచ్చిన ఎదురింటి లియన్ పిన్ని గుమ్మంలోంచే కలగజేసుకుంది. “అదేం మాటే సోక్‌చిన్! రేపు పూజారి మందుకుండ పగలగొట్టడూ? దాంతో రోగమంతా పోయినట్టే. అక్కడ నీ మొగుడు గుర్రంలా పరిగెత్తుతాడు.”

“పరిగెత్తితే మంచిదే పిన్నీ. మందుకుండ మీద నీకున్నంత నమ్మకం నాకు లేదు. వైద్యులందరూ కూడా నడుస్తాడనే చెప్పారు.” వదిన గొంతు పెంచలేదు. ఇంటివైపే చూస్తోంది. “ఒకవేళ నడవలేకపోతే? ఎత్తి పైన పడుకోబెట్టడానికి అక్కడ నేనుండను కదా.”

పిన్ని ఊదొత్తులు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

బీహ్వా నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆ కుర్చీని తను ఎన్నిసార్లు తోయలేదు? గుడి మెట్ల దగ్గర, ఆసుపత్రి మెట్ల దగ్గర అన్నయ్య తల దించుకుని, ఎత్తే మనుషుల కోసం ఎదురుచూస్తుంటే పక్కన నిలబడింది తనే కదా. మెట్టంటే ఆయనకు ఏమిటో వదిన తర్వాత తెలిసిన మనిషి తనే. అలాంటిది, ఆయన కోసమని కూర్చుని ఆయన్నే మరిచిపోయింది. మరిచిపోయి సంతోషంగా ఉంది. ఆ సంతోషానికే ఎక్కువ సిగ్గేసింది.

వదిన లోపలికి వెళ్లగానే మెట్లు పట్టుకుని పీకేసింది. మంచం పీకేసింది. ఇక ఏ సొగసూ వద్దు, నాలుగు గోడలు, ఒక తలుపు, అంతే అనుకుంది. పెదవులు బిగించి, శిక్ష అనుభవిస్తున్నట్టు కింది గది కట్టడం మొదలుపెట్టింది. గోడ వాలింది. జిగురు ఉండలు కట్టింది. తలుపు ముడుచుకుపోయింది. చూస్తే అది ఇల్లులా లేదు, ఎవరో విసిరేసిన అట్టపెట్టెలా ఉంది. సంతోషంగా కడితే ఆయనకు పనికిరాకుండా పోయింది. ఏడుస్తూ కడితే ఎవరికీ పనికిరాకుండా పోతోంది.

ఖాళీ గిన్నె కోసం వచ్చిన వదిన అది చూసింది. గంజన్నం అలాగే ఉంది.

“ఇదేంటి, కోళ్ల గూడా?”

“వదినా, నా వల్ల కావట్లేదు. నేను అన్నయ్య కోసం కట్టలేదు. నా కోసం కట్టుకున్నాను. నాకు తల ఎత్తుకోవాలంటే సిగ్గుగా ఉంది.”

వదిన కాదనలేదు. ఓదార్చలేదు కూడా. ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, ముడుచుకున్న తలుపు చేతిలోకి తీసుకుంది. “ముందు ఈ తలుపు వెడల్పు చెయ్యి. మన స్నానాల గది తలుపులో కుర్చీ ఇరుక్కుపోయి ఆయన తిట్టిన తిట్లు గుర్తులేవూ? ఊళ్లో వడ్రంగుల ముత్తాతల్ని కూడా లేపాడు.”

బీహ్వా కత్తెర తీసుకుంది. “గడప?”

“గడప వద్దే వద్దు. మంచం మీద పైనుంచి తాడు వేలాడాలి. ఎడం చేత్తో అది పట్టుకునే లేచేవాడు. నన్ను పిలవడం ఇష్టముండేది కాదు, మగమహారాజు.”

తాడు ఎలా? బీహ్వా ఎర్ర దారాలు మూడు జడలా అల్లి, కొసన ముడి వేసి, పై బద్దకు కట్టింది. వేలితో కదిపితే ఊగింది. నిజం తాడులాగే ఊగింది. వదిన ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

“ఇంకా?”

“రేడియో. ఎడం పక్కన. కుడి పక్కన పెడితే అందదు. కిటికీ కిందికి, కూర్చుంటే సందు కనపడేట్టు. పోయేవాళ్లను ఎగతాళి చేయకపోతే అన్నం అరగదు ఆయనకు.”

కిటికీ దించింది. కిటికీ దించాక బయట సందు ఉండాలనిపించింది. సందు కట్టింది. సందులో ఆల్చిప్పల మాంసంతో అట్టు వేసేవాడి బండి కావాలనిపించింది. మినప్పప్పంత అట్లు పెనం మీద పెట్టింది. తెలియకుండానే చేతులు మళ్లీ పరుగందుకున్నాయి. ఈసారి ప్రతి ముక్కా వదిన నోట్లోంచి వస్తోంది, ఆమె చేతుల్లోంచి పోతోంది. ఆ బద్ద అక్కడ కాదని ఒకరు, ఇక్కడేనని ఒకరు పోట్లాడుకున్నారు.

“అంతా బాగానే ఉంది గానీ, మరి పైన అంత మేడ ఎవరికి?” అంది వదిన.

“పీకేయనా?”

“పీకడమెందుకు? అద్దెకిచ్చుకుంటాడు. అద్దెవాళ్లను సతాయించుకుంటూ కాలక్షేపం అవుతుంది.”

బీహ్వాకు నవ్వు ఆగలేదు. వదినకూ ఆగలేదు. జనపగుడ్డ జారిపోయేట్టు నవ్వింది. సందులో అడుగుల చప్పుడు ఆగింది. లియన్ పిన్ని తొంగిచూసి, “ఇదేం చోద్యం” అన్నట్టు చేతులు జోడించి, తల తిప్పుకుని వెళ్లిపోయింది. ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. పక్క గదిలో పెట్టె ముందు దీపం వెలుగుతోంది. చావింట్లో నవ్విన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, జిగురు గిన్నెను చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి వదిన అంది: “రేడియో కొంచెం జరుపు.”

మర్నాడు సాయంత్రం గుడి వెనక, కాగితపు ఇంటి చిరునామా, యజమానిగా అన్నయ్య పేరు గట్టిగా చదివి పూజారి నిప్పు పెట్టాడు. దారిన పోయే అనాథ ప్రేతాలు దూరి ఇల్లు కాజేయకుండా ఇంటివాళ్లంతా చేతులు పట్టుకుని మంట చుట్టూ వలయంగా నిలబడ్డారు. బీహ్వా చెయ్యి వదిన చేతిలో ఉంది.

“ఏమండీ, వచ్చి తీసుకోండి!” అని వదిన మంటలోకి అరిచింది. “మీ గది కిందే! గడప లేదు, తిన్నగా వెళ్లిపోండి! తాడు ఎడం పక్కనుంది!”

కింది గది ముందు అంటుకుంది. తర్వాత వసారా. అన్నిటికన్నా చివర కప్పు. కాగితమంతా పోయి, నల్లటి వంపు ఒక్కటే మంట మీద నిలబడింది, ఎగరబోయే కొంగ మెడలా. ‘ఎంత బాగుందో’ అనుకుంది బీహ్వా. అనుకున్నాక ఒళ్లంతా కుంచించుకుపోయింది.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక చెప్పింది. “వదినా, కప్పు కాలేటప్పుడు కూడా నేను దాన్నే చూశాను. అన్నయ్యను తలుచుకోలేదు.”

వదిన జారిన జనపగుడ్డను తల మీదికి లాక్కుంది.

“పోన్లే. ఆయన్ని నేను చూశాను.”

బీహ్వా ఇప్పటికీ ఆ దుకాణంలోనే ఇళ్లు కడుతోంది. ఎవరు ఇల్లు అడగడానికి వచ్చినా, పోయిన మనిషి ఎలా నడిచేవాడు, ఎటు తిరిగి పడుకునేవాడు అని ముందు అడుగుతుంది. అడిగేటప్పుడు మొహం ఎర్రబడుతుంది. వచ్చినవాళ్లకు ఎందుకో తెలియదు. పనిలో పడ్డాక ఆమెకు సంతోషం వస్తూనే ఉంది. దాని వెనకే సిగ్గూ వస్తోంది. రెండిట్లో దేన్నీ ఆమె ఆపలేకపోయింది.

తియెన్‌లోక్ చేసినవేవీ మిగల్లేదు. జీవితమంతా కాల్చడానికే కట్టాడు. ఏ గోడ మీదా తన పేరు రాసుకోలేదు, ఉండబోయేవాళ్ల పేర్లే రాశాడు. ఆయన కోసం కూర్చున్న చెల్లెలే ఒక పూట ఆయన్ని మరిచిపోయింది. చదివిన మీరైనా ఆయన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. లుకాంగ్ సందులో, చక్రాల కుర్చీలో, పోయేవాళ్లను ఎగతాళి చేస్తూ కూర్చునే తియెన్‌లోక్‌ను.