నాలుగు రిమోట్లు, ఒక బొటనవేలు

అల్లుడు బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్ళుగా స్టీరింగు తప్ప వేరే యంత్రమేదీ అతని చేతికి లొంగింది లేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా భార్యే స్టూలెక్కేది. అలాంటి మనిషి ఆ ఆదివారం ఉదయం ఎనిమిదింటికే ముందుగదిలో నేలమీద చతికిలబడి, నాలుగు పాత రిమోట్లూ, అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త రిమోటూ చుట్టూ పరుచుకుని, అరచేయంత పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదవసాగాడు. బడికెళ్ళిన రోజుల్లో కూడా అంత శ్రద్ధగా చదివి ఎరగడు.

వెనక మంచం మీద మామగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

మామగారు సినిమాహాల్లో ముప్పైమూడేళ్ళు ఆపరేటరుగా చేసినవారు. హాలు మూతబడ్డాక, దాన్నే ఇంటికి తెచ్చుకోవాలన్న పంతంతో ముందుగదిలో ఒక్కొక్క పెట్టే చేర్చుకుంటూ హోం థియేటరు కట్టుకున్నారు. పెద్ద టీవీ, డిస్క్ ప్లేయరు, సెట్‌టాప్ బాక్సు, నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు, మాటలు వినిపించడానికి టీవీ కింద అడ్డంగా ఇంకొకటి, వాటన్నిటికీ ఇంటిపెద్దలాంటి ఆంప్లిఫయరు. తన కుర్చీనుంచి ఒక్కో స్పీకరు ఎంత దూరమో టేపు పెట్టి కొలిచి, ఎనిమిది రోజులు కూర్చుని ఆ కొలతలన్నీ ఆంప్లిఫయరుకు నేర్పారు.

పెళ్ళయిన కొత్తలో అల్లుడు నోరు జారి, "టీవీకున్న మోత చాలదా మామయ్యగారూ, ఇన్ని డబ్బాలెందుకు?" అన్నాడు. మూడు నెలలు ఆయన అల్లుడితో పలకలేదు. ఇంకోసారి ఫోను చార్జింగు కోసం ఏదో ప్లగ్గు పీకితే, "బస్సు దిగాక అల్లుడుగారు చేతులు జేబులో పెట్టుకుంటే అందరికీ క్షేమం" అని కూతురితో కబురంపారు, పక్కగదిలోనే ఉండి. అప్పటినుంచీ అల్లుడు ఆ సామానుకు రెండడుగుల దూరంలోనే మసిలేవాడు.

రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి మామగారి కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. పోయినది పూర్తిగా పోకుండా ఒక్క మాట మిగిలింది. 'సరే.' ఆకలేసినా సరే, వద్దనుకున్నా సరే, ఒళ్ళు మండినా సరే. లోపల అన్నీ తెలుసు, ఎదుటివాళ్ళు చెప్పేదీ తెలుస్తుంది, కానీ నాలిక చివరికొచ్చేసరికి అన్ని మాటలూ ఆ ఒక్క మాటైపోతున్నాయి. కూతురు గొంతు తీరునుబట్టి ఏ సరేకి ఏమర్థమో పోల్చుకునేది. అల్లుడికి మాత్రం అన్ని సరేలూ ఒకేలా వినిపించేవి.

పది రోజుల కిందట భార్యాభర్తలిద్దరూ మందుల కోసం గంటసేపు బయటికి వెళుతూ, ఆయనకు కాలక్షేపంగా ఉంటుందని టీవీ పెట్టి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఏవో ప్రకటనలు గది దద్దరిల్లేలా అరుస్తున్నాయి. రిమోట్లు నాలుగూ నేలమీద చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆయన ముఖం దిండులో దాచుకుని ఉన్నారు. ఆ రిమోట్ల మీటలు ఆవగింజలంత. పనిచేసే ఎడమ బొటనవేలితో ఒకటి నొక్కబోతే మూడు పడతాయి. గంటసేపు ఆ మోత ఆపలేక ఎంత తంటాలుపడ్డారో ఎవరికీ తెలియదు. ఆ రోజే ఆయన గోడవైపు తిరిగారు. అన్నం రెండు ముద్దలు దాటడం లేదు.

కాళ్ళకూ చేతులకూ కసరత్తు చేయించడానికి వచ్చే ఆవిడ మొన్న వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది. "మందుల పని మందులు చేస్తున్నాయండీ. ఆయనే వదిలేశారు. తనంతట తాను చేసుకోగల పని ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూపించండి. లేకపోతే నేను ఎన్నిసార్లు వచ్చినా దండగే."

దీనికి తోడు, బట్టల ఫ్యాక్టరీలో భార్య పెట్టిన సెలవు ఆ ఆదివారంతో సరి. సోమవారం ఎనిమిదింటికల్లా ఆమె కుట్టుమిషను ముందుండాలి. అల్లుడిది తెల్లవారుజాము డ్యూటీ, ఇల్లు చేరేసరికి రెండు. నడుమ ఆరు గంటలు మామగారూ, ఆ గోడా. పక్కింటావిడ రెండుసార్లు తొంగిచూస్తానంది, అంతే. అందుకే అల్లుడు ఊరంతా తిరిగి, రూపాయి బిళ్ళంత మీటలున్న రిమోటు వెతికి తెచ్చాడు. ఏ పెట్టెకైనా ఇదొక్కటే చాలన్నాడు దుకాణదారు. "అరగంట పని సార్, పుస్తకంలో మీ కంపెనీ నంబరు చూసి కొట్టడమే."

టీవీ మూడో నంబరుకే దారికొచ్చింది. అల్లుడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "మామయ్యగారూ, టీవీ మాట వింది!"

"సరే," అన్నారాయన గోడతో.

సెట్‌టాప్ బాక్సుకు గంట పట్టింది. ఆంప్లిఫయరు దగ్గర బండి ఆగిపోయింది. ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది, పుస్తకంలో దాని పేరే లేదు. పేరు లేనివాటికి ఇంకో పద్ధతి రాశారు. ఒకే మీటను మళ్ళీ మళ్ళీ నొక్కుతూ పోవాలి, ఒక్కో నొక్కుకు ఒక్కో నంబరు మారుతుంది, పెట్టె ఆరిపోయినచోట ఆగాలి. అల్లుడు మొదలుపెట్టాడు. వంద దాటింది, రెండొందలు దాటింది. రెండొందల ముప్పై ఎంతో దగ్గర ఆంప్లిఫయరు దీపం టప్పున ఆరింది. ఆరిందని కన్ను చూసేలోపే అలవాటుపడ్డ వేలు ఇంకో రెండు నొక్కులు నొక్కేసింది. వెనక్కి వెళ్ళే దారి లేదు. మళ్ళీ ఒకటినుంచి.

ఈ టకటకలకు మామగారు మెల్లగా ఇటు తిరిగారు. ఎడమచేయి చాచి ఆంప్లిఫయరు పాత రిమోటు అందుకున్నారు. దాని మూతిని అల్లుడి చేతిలోని కొత్త రిమోటుకేసి టక్కున కొట్టారు.

"సరే! సరే!"

"తెలుసు మామయ్యగారూ. మీ వస్తువులు ముట్టుకోవడం నాకు మాత్రం సరదానా? కాస్త ఓపిక పట్టండి." అల్లుడు పాత రిమోటు లాక్కుని ఆయనకు అందకుండా బల్లమీద పెట్టాడు.

రెండోసారి నొక్కుకీ నొక్కుకీ మధ్య ఊపిరి బిగబట్టి చూస్తూ వెళ్ళాడు. భోజనాల వేళకు ఆంప్లిఫయరు ఆరింది. మళ్ళీ నొక్కితే వెలిగింది. కానీ ఆ సంతోషం కంచం ముందు కూర్చునేదాకా కూడా నిలవలేదు. కొత్త రిమోటుకు వెలిగించడం, ఆర్పడం తప్ప ఇంకేమీ రాదు. సౌండు పెరగదు, తగ్గదు. అసలు కావలసిందే అది.

దుకాణానికి ఫోను చేశాడు. అవతల ఎవడో నములుతూనే చెప్పాడు. "ఆంప్లిఫయరు మీద ఆ చివరి మీటా ఈ చివరి మీటా కలిపి పది సెకన్లు పట్టుకోండి సార్. తిక్క కుదురుతుంది."

అల్లుడు పట్టుకున్నాడు. మంచం మీదినుంచి మామగారు ఒక్కసారిగా, "సరే! సరే సరే సరే!" అని కేకపెట్టారు. అల్లుడు దాన్ని ప్రోత్సాహమనుకున్నాడు. పది లెక్కపెట్టి వదిలాడు. ఆంప్లిఫయరు తెర మీద అక్షరాలన్నీ చెరిగిపోయి, కొత్తగా కొన్న రోజున ఉన్నట్టు కంపెనీ పేరొకటి వచ్చి నిలిచింది.

టీవీలో ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ వెనక వాన చప్పుడు నాలుగు మూలలనుంచీ వినిపిస్తోంది, మాటలు పలకాల్సిన టీవీ కింది స్పీకరు మాత్రం మూగబోయింది. పెదాలు కదులుతున్నాయి, అంతే.

ఎనిమిది రోజుల కొలతలు, నాలుగేళ్ళ సవరింపులు పది సెకన్లలో గాలికి పోయాయి. వెనక్కి తిరిగి చూడాలంటే భయమేసింది. చూశాడు. మామగారు అరవడం మానేశారు. కళ్ళు మూసుకుని వింటున్నారు. మాట రాని ఆ మనుషుల్ని వింటూ ఉండగా ఆయన కనుకొలకులనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"నన్ను తిట్టండి మామయ్యగారూ," అన్నాడు అల్లుడు మంచం పక్కన మోకాళ్ళమీద కూలబడి. "ఒక్కసారి తిట్టండి. చేతులు జేబులో పెట్టుకోమనండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"సరే," అన్నారాయన.

వంటింట్లోంచి భార్య వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏం చేశారు?"

"చెడగొట్టాను."

"రాని పనికి ఎందుకు పోతారండీ? తెలిసినవాళ్ళను పిలుద్దామన్నానా లేదా?"

"ఆదివారం ఎవడొస్తాడే? రేపు నువ్వుండవు, నేనుండను. ఆయన మళ్ళీ ఆ మోతలో..."

ఆమె తండ్రి చెవుల దగ్గర తడి కొంగుతో తుడిచి, భర్త వంక చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా అతనికి అంత బాధ ఉండేది కాదు.

అల్లుడు పెరట్లోకి వెళ్ళి కుళాయి కింద తల పెట్టాడు. ఆ నీళ్ళ కింద అన్నీ ఆలోచించాడు. డ్యూటీ మార్పించుకుందామా? రెండు నెలలుగా అడుగుతూనే ఉన్నాడు, వినేవాడు లేడు. ఆమెను ఉద్యోగం మానమందామా? ఇల్లు గడవదు. రేపు టీవీయే పెట్టకుండా వెళ్తే? అప్పుడు ఆయన ఆరు గంటలూ గోడనే చూస్తారు. ఎల్లుండీ అంతే. ఎన్నాళ్ళు చూస్తారు? ఆ ప్రశ్న దగ్గర కుళాయి కట్టేశాడు. కొత్త రిమోటు దుకాణదారు మొహాన కొట్టి రావాలని నిశ్చయించుకుని లోపలికి వచ్చాడు.

ముందుగదిలో మామగారు సగం కూర్చుని సగం ఒరిగి ఉన్నారు. బల్లమీది పాత రిమోటును ఎలా అందుకున్నారో, మంచానికీ బల్లకూ మధ్య దుప్పటి వేలాడుతోంది, మంచినీళ్ళ గ్లాసు పడి నేలంతా తడి. ఆయన ముందు దుప్పటి మీద రెండు రిమోట్లూ మూతికి మూతి ఆనించి ఉన్నాయి. కొట్టడం కాదు. ఎదురెదురుగా పేర్చి పెట్టారు. పాతదాని మీద బొటనవేలు ఆనించి, అల్లుడి కళ్ళలోకి సూటిగా చూశారు. ఆ వేలితో కొత్తదాన్ని చూపారు. మళ్ళీ పాతదాన్ని.

"సరే?" అన్నారు. ఆ మాట చివర ప్రశ్న ఉందని అల్లుడు మొదటిసారి విన్నాడు.

తడిచేతులతోనే పుస్తకం తీసి, నంబర్ల పట్టీలన్నీ దాటేసి, తాను ఎన్నడూ తిప్పని చివరి పేజీకి వెళ్ళాడు. అక్కడ బొమ్మ ఉంది. రెండు రిమోట్లు, మూతికి మూతి. పాతదాన్నుంచి కొత్తది నేర్చుకుంటుందట. ఏ మీటకు ఆ మీట.

"పొద్దుటినుంచీ ఇదే చెబుతున్నారా?" అన్నాడు. ఆయన కళ్ళు మూసి తెరిచారు. "నేను పాపాత్ముణ్ణి మామయ్యగారూ. మీరు కొడుతున్నారనుకున్నాను."

ఆ తరువాత పని కూడా నల్లేరు మీద బండిలా సాగలేదు. కొత్తదాన్ని అల్లుడు సిద్ధం చేయాలి, పాతదాన్ని నొక్కాలి. నొక్కేది తానేనని మామగారు పట్టుబట్టారు. బొటనవేలు ఒకటికి మూడు నొక్కేది, ఎర్రదీపం వెలిగేది, మళ్ళీ మొదటినుంచి. ఆరోసారి అల్లుడు ఒక పెన్సిలు తెచ్చి ఆయన ఎడమ పిడికిట్లో నిలువుగా పెట్టాడు. ఆయన ఊపిరి బిగబట్టి, పెన్సిలు వెనకభాగంతో ఆవగింజ మీటను ఒక్కదాన్నే నొక్కారు. పచ్చదీపం. సౌండు పెంచడం వచ్చింది. చెయ్యి వణుకు ఆగేదాకా కూర్చున్నారు. సౌండు తగ్గించడానికి మరో అరగంట. డిస్క్ ప్లేయరు మీటలు మాత్రం ఎంత బతిమాలినా కొత్తది నేర్చుకోలేదు, దాన్ని వదిలేశారు. చెరిగిపోయిన కొలతలు చెరిగినట్టే ఉన్నాయి. టీవీ సొంత స్పీకరు గొంతునే పైకి తెచ్చి మాటలు వినిపించేలా చేశారు. ఆ రేకుడబ్బా గొంతు వినగానే మామగారు మొహం చిట్లించారు. అల్లుడు తల దించుకున్నాడు.

మర్నాడు బస్సులో అల్లుడికి మనసు నిలవలేదు. రెండు స్టాపుల్లో ఆపడం మరిచి ప్రయాణికులతో చీవాట్లు తిన్నాడు. పక్కింటావిడకు రెండుసార్లు ఫోను చేశాడు, ఆవిడ ఎత్తలేదు. డ్యూటీ దిగుతూనే ఇంటికి పరుగెత్తాడు.

వీధిలోకి ఏ చప్పుడూ రావడం లేదు. తాళం తీసి చూస్తే టీవీ నల్లగా ఉంది. ఆంప్లిఫయరులో దీపం లేదు. పొద్దున భార్య పెట్టి వెళ్తానన్న టీవీ. అల్లుడు గుమ్మానికి ఆనుకున్నాడు. కరెంటు పోయిందా, రిమోటు పోయిందా, మళ్ళీ ఏ వేలు ఎక్కడ పడిందో. అంతా వృథా అనుకున్నాడు. మామగారి వంక చూడటానికి ధైర్యం చాలలేదు.

"పనిచేయలేదా మామయ్యగారూ?"

మామగారు గోడవైపు తిరిగి లేరు. దిండుకు ఆనుకుని, రిమోటును పొట్టమీద పెట్టుకుని ఉన్నారు. అల్లుడి వంక ఒకసారి చూసి, రిమోటు ఎత్తి నొక్కారు. టీవీ వెలిగింది. ఇంకోటి నొక్కారు, ఆంప్లిఫయరు వెలిగింది. తెరమీద నలుగురు పెద్దమనుషులు ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుచుకుంటున్నారు. ఆయన సౌండు తగ్గించారు. తగ్గించి మరికాసేపు చూశారు. చూసి, విసుగ్గా పెదవి విరిచి, రెండూ ఆర్పేశారు.

"సరే," అన్నారు.

ఈసారి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. అల్లుడు యూనిఫారంతోనే మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియక అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. భార్య. వెనక కుట్టుమిషన్ల హోరు.

"నాన్న ఎలా ఉన్నారు? టీవీ చూస్తున్నారా?"

"లేదు. కట్టేసి ఉంది."

"మళ్ళీ పాడైందా?"

"పాడవలేదు. ఆయనే కట్టేశారు."

"ఎందుకూ?"

"నచ్చలేదట."