భాగ్య రజా పెట్టిన రోజు

పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూలబడ్డాక, ఆ రోజు చేయాల్సిన పనంతా ఒక్కసారిగా గుర్తొచ్చి ఝాన్సీకి దిగిపోదామా అనిపించింది. దిగిపోయి ఎక్కడికి పోతుంది? ఏళ్ల తరబడి ఇదే బండి, ఇదే హిందూపురం, ఇదే స్వచ్ఛంద సంస్థ. గ్రాంటు వస్తే జీతం, రాకపోతే ఓపిక పట్టడం.

ఈసారి గ్రాంటు సరిహద్దులు దాటే స్త్రీ పురుష సమానత్వానికట. రెండు దేశాల సంస్థలు కలిసి అడగాలి. హిందూపురం చుట్టుపక్కల ఆడవాళ్లు రోజూ తెల్లారకముందే వ్యాన్లలో కర్ణాటక సరిహద్దు దాటి గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు పోయి, చీకటి పడ్డాక తిరిగొస్తారు. అయితే డబ్బిచ్చేవాళ్ల లెక్కలో అది సరిహద్దు కాదు. అందుకని ఝాన్సీ నానా తంటాలు పడి శ్రీలంకలో ఇలాంటి పనే చేసే సంస్థనొకదాన్ని పట్టుకుంది. ఆ సంస్థ నడిపే ఆవిడ కూడా ఈమెలాగే అలిసిపోయిన మనిషి. ఇద్దరూ ఫోన్లో ముందు కాసేపు ఒకరి గోడు ఒకరు విని, తర్వాత ఇద్దరికీ నమ్మకం లేని మాటలు ఇంగ్లీషులో రాసుకునేవాళ్లు. పరివర్తన అన్న మాట ఆ కాగితాల్లో ఎన్నిసార్లు పడిందో దేవుడికే తెలియాలి.

నిజానికి కావలసింది ఒక్కటే. ఊరి చివర, వ్యాన్లు ఆగేచోట ఉన్న పిల్లల గది మూతపడకూడదు. తల్లులు వ్యాన్ ఎక్కుతూ పిల్లల్ని వెంకటక్క చేతికిచ్చి పోతారు. నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని ఆమె పాత ఫ్లెక్సీల మీద వరసగా పడుకోబెడుతుంది. ఆ ఫ్లెక్సీలన్నీ ఈ గదివే. ఒక గ్రాంటులో ఇది మహిళా సాధికార కేంద్రం, ఇంకో గ్రాంటులో బాలల వికాస వేదిక, మరోదాంట్లో వెంకటక్కకు నోరు తిరగని పేరేదో. గ్రాంటు అయిపోగానే ఫ్లెక్సీ గోడ దిగి పిల్లల కిందికి చేరుతుంది. ధర్మవరంలో మగ్గాల వాళ్ల పిల్లలకోసం నడిపిన గదికి కొత్త పేరు పెట్టే దారి దొరక్క తాళం పడింది. అక్కడి ఉయ్యాలలు ఇక్కడికి తెచ్చారు. ఈ నెలాఖరులోపు డబ్బు రాకపోతే ఇది కూడా మూతే. ఉయ్యాలలు మోసుకుపోవడానికి ఇంకో గది లేదు.

ఆ మధ్యాహ్నం గ్రాంటిచ్చేవాళ్లు లాప్‌టాప్‌లో కనబడి మాట్లాడతారు. ఫ్యాక్టరీకి పోయే ఆడమనిషి ఒక్కరైనా ఎదుట ఉండాలని షరతు. వాళ్లంతా పగలు పనిలో ఉంటారు, ఆదివారం పెట్టండని ఝాన్సీ ముందే రాసింది. మహా మర్యాదగా జవాబొచ్చింది. ఆదివారం తమ ఉద్యోగులు కుటుంబంతో గడిపే రోజనీ, సమానత్వ విధానంలో భాగంగా దాన్ని కచ్చితంగా పాటిస్తామనీ. ఝాన్సీకి ముందు నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది. రెండింటికీ తీరిక లేక భాగ్యకు ఫోన్ చేసింది.

భాగ్యది సోమందేపల్లి పక్క పల్లె. వానను నమ్ముకున్న చేను కడుపు నింపక, మొగుడితో కలిసి హిందూపురం చివర అద్దెకు దిగింది. మొగుడు మార్కెట్లో హమాలీ, ఆమె ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. మూడేళ్ల కూతురు మంజు వెంకటక్క దగ్గర. ఒక్కరోజు మానినా, నెలంతా మానకుండా వస్తే ఇచ్చే హాజరు డబ్బు పోతుంది. ఆ సంగతి భాగ్య ఎత్తలేదు.

"రజా పెడతాలేక్కా," అంది. "కానీ నేను ఆ గది సంగతి చెప్తా."

ఆ గది ఫ్యాక్టరీలోనే ఉంది. అదీ పిల్లల గదే. గోడల నిండా కుందేళ్ల బొమ్మలు, కొత్త ఉయ్యాలలు. ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. తనిఖీకి ఎవరైనా వస్తే ఆ పూటకు తీస్తారు. భాగ్య ఈ మాట ఎప్పుడో చెప్పింది. ఝాన్సీ దాన్ని అప్లికేషన్లో రాసింది కూడా. సంస్థ సెక్రటరీ నాగభూషణం చదివి కొట్టేయించాడు. చెడ్డవాడేం కాదు, భయస్తుడు. కంపెనీల ఊసెత్తితే ఇచ్చేవాళ్లు చల్లగా జారుకుంటారని ఆయన నమ్మకం. ఝాన్సీ వాదించలేదు. వాదించే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

"ఆ మాట వద్దు భాగ్యా. మన గది గురించి చెప్పు, చాలు," అంది. భాగ్య సరేననలేదు, కాదనలేదు.

చెప్పిన వేళకు ముందే పిల్లల గదికి వచ్చింది భాగ్య. ఉతికిన చీర, తలలో కనకాంబరాలు. మంజు తల్లి కొంగు వదలకుండా తిరిగింది. ఇచ్చేవాళ్లనుంచి కాస్త ఆలస్యమవుతుందని మెసేజ్ వచ్చింది. ఇంకాసేపటికి అదే మెసేజ్ మళ్లీ వచ్చింది. గోడకానుకుని కూర్చున్న భాగ్య, వెంకటక్కతో ఏదో చెబుతూ చెబుతూనే ఒరిగిపోయింది. మాట సగంలో ఆగింది. మంజు బిత్తరపోయి చూసింది. ఆ పిల్లకు తల్లి పగటిపూట కనబడేది ఆదివారాలే. అప్పుడు కూడా గుడ్డలుతకడం, నీళ్లు పట్టడం తప్ప భాగ్య నడుం వాల్చిన పాపాన పోలేదు. పిల్ల కాసేపు చూసి, వెంకటక్క చేసినట్టే తల్లి మీద దుప్పటి లాగి, పక్కన కాపలా కూర్చుంది.

చివరికి లాప్‌టాప్‌లో ముగ్గురు కనబడ్డారు. నాగభూషణం చెప్పాల్సింది చెప్పాడు. శ్రీలంక ఆవిడ తన వంతు చెప్పింది. ఝాన్సీ పరివర్తన గురించి అప్పజెప్పింది. అప్పుడా ముగ్గురిలో నెరిసిన జుట్టావిడ, ఆ కార్మికురాలితో మాట్లాడవచ్చా అని అడిగింది.

వెంకటక్క భాగ్య భుజం తట్టబోయింది. ఝాన్సీ చేయి అడ్డం పెట్టింది. ఇంత అలిసిన మనిషిని ఎలా లేపడం అనుకుంది. అనుకున్నది అదే, కానీ గుండెలో ఇంకేదో కూడా కాస్త తేలికపడింది. లాప్‌టాప్ అటు తిప్పి, చీకటితో లేచే మనిషి, నిద్రపోయింది అని చెప్పింది. నెరిసిన జుట్టావిడ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. లేపొద్దండి అంది. ఇంతకంటే చెప్పాల్సింది ఏముంటుంది, తెర మీది ఈ దృశ్యాన్ని ఫోటో తీసి మేం వాడుకోవచ్చా అని అడిగింది. మాటలు ముగిశాక నాగభూషణం మొహం వెలిగిపోయింది. వచ్చినట్టేనమ్మా అని టీలు చెప్పడానికి బయటికి పోయాడు.

భాగ్య లేచేసరికి లాప్‌టాప్ మూసి ఉంది.

"వచ్చినారా అక్కా?"

వచ్చి పోయారని చెప్పింది ఝాన్సీ. నిన్ను చూసి కదిలిపోయారని, డబ్బు తప్పకుండా వస్తుందని, నువ్వు అలిసి పడుకుంటే లేపబుద్ధి కాలేదని, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయింది. భాగ్య ఊడిన జడ ముడేసుకుంటూ అంతా విన్నది.

"నిద్రపోయేదానికైతే ఇంట్లోనే పండుకొనుంటి గదక్కా. మాట్లాడేదానికి రజా పెట్టి వస్తి." గొంతు పెంచలేదు. "మేం కుట్టే చొక్కాలు వాళ్ల దేశాలకే పోతాండాయి. ఆ పిల్లల గది బీగం తీయండని వాళ్లొక మాట చెప్తే మావోళ్లు ఇనరా? మధ్యానం కూడు తినేటప్పుడు ఒకతూరి నా బిడ్డను చూసుకుంటాంటి. అంతే నేను అడగాలనుకున్నేది."

ఝాన్సీకి తల కొట్టేసినట్టయింది. జాలి పేరుతో ఒక మనిషి నోరు మూసింది తను. అదీ సమానత్వం గ్రాంటు కోసం.

"నువ్వు ఆ మాట అంటావనే లేపలేదేమో భాగ్యా. జాలి కాదేమో," అంది. భాగ్య ఆశ్చర్యపోలేదు.

అప్పటికే మెయిల్ వచ్చి ఉంది. ఫోటో వాడుకోవడానికి ఆమె ఒప్పుకోలు కావాలి, ఫోటో కింద వేయడానికి ఆమె మాట ఒకటి పంపండి అని. ఝాన్సీ చదివి వినిపించింది.

"ఒప్పుకుంటా," అంది భాగ్య. "కింద నేనిప్పుడు చెప్పిందే రాయి."

టీలతో తిరిగొచ్చిన నాగభూషణం గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతికందినదాన్ని మనమే నేలపాలు చేసుకుందామా తల్లీ అని బతిమాలాడు. ఆయన మాట అబద్ధం కాదు. ఝాన్సీ ధర్మవరం ఉయ్యాలల వైపు చూసింది, ఫ్లెక్సీల మీది పిల్లల్ని చూసింది. చూసి, లాప్‌టాప్ తెరిచి, భాగ్య చెప్పినది చెప్పినట్టు రాసింది. నెల రోజులుగా రాస్తున్న ఇంగ్లీషులో తనకు నమ్మకమున్న మాటలు అవే.

"మరి పేరు వద్దులే. ఫ్యాక్టరీలో తెలిస్తే నీకు ఇబ్బంది," అంది.

భాగ్య మంజును చంకనెత్తుకుంది.

"మొగం పంపిస్తాండారు గదక్కా. పేరుకు భయమేంది?"

ఝాన్సీ పేరు రాసి పంపేసింది. తర్వాత వెంకటక్కను పక్కకు పిలిచి, డబ్బు రాకపోతే ఈ ఉయ్యాలలు ఎవరింట్లో పెడదామని అడిగింది.