పట్టుగుడ్డ కింద పంచాంగం

పవర్‌పేటలో జెరాక్సు దుకాణం అరుగుమీద పాండురంగారావు ఎప్పటిలాగే బల్ల తుడిచి, కుర్చీలో కూర్చొని, పంచాంగాన్ని ఒడిలో పెట్టుకొని దానిమీద ఎర్రంచు పట్టుగుడ్డ కప్పుకొన్నాడు. అది తండ్రిగారిది. పౌరోహిత్యానికి వెళ్లేటప్పుడు ఆయన గ్రంథాలను అందులో చుట్టి తీసుకొనిపోయేవాడు. తండ్రి పుస్తకాన్ని గౌరవించడానికి చుట్టిన గుడ్డతో కొడుకు పుస్తకాన్ని దాచుకొంటున్నాడు. గుడ్డ పరచిన ప్రతి ఉదయమూ ఈ మాట మనసులో మెదలుతుంది. తల వంచుకొని మడతలు సరిచేసుకొంటాడు.

బల్లమీద ఈ రోజు యంత్రం లేదు. బాగుచేయడానికి ఇచ్చి వారమైంది.

అరవై దాటిన బక్కపలుచని మనిషి. నుదుట విభూతిరేఖలు, ముక్కుమీద దారంతో కట్టిన కళ్లద్దాలు. తాడేపల్లిగూడెం బియ్యపు మిల్లులో టైపిస్టుగా పనిచేసి, మిల్లు మూతపడగానే ఏలూరు వచ్చి ఈ అరుగు చేరాడు. పుట్టిన బిడ్డలకు నామాక్షరాలు, శంకుస్థాపనకు మంచిరోజు, పోయినవారి ఆబ్దికానికి ఆ ఏడు తిథి ఏ తేదీన వచ్చిందో చెప్పడం అతని పని. తొలిరోజుల్లో పంచాంగం విప్పి చెప్పేవాడు. క్రమంగా జనం పుస్తకాన్ని చూసి పెదవి విరవడం మొదలుపెట్టారు. "కంప్యూటరు లేదాండీ?" అని అడిగి పక్కవీధికి పోయేవారు.

అప్పుడు దొరికింది ఆ ల్యాప్‌టాప్. ఇటుకంత మందం, ఇటుకకు మించిన బరువు. కొల్లేటి చేపలచెరువుల యజమాని ఒకాయన కొత్తది కొనుక్కొని, చెరువు తవ్వకానికి ముహూర్తం పెట్టినందుకు ఆ పాతదాన్ని ఇతనికి ఇచ్చాడు. ఆ చెరువుగట్లను తరువాత సర్కారువారు తెగగొట్టించారు. ముహూర్తం నిలవలేదు, యంత్రం నిలిచింది. అందులో జాతకాల ప్రోగ్రాము ఉంది గాని, పందొమ్మిదివందల తొంభైతొమ్మిది దాటిన కాలమంటే యంత్రపు గడియారానికి తెలియదు. అందుచేత పాండురంగారావు ఒడిలోని పంచాంగాన్ని గుడ్డ అంచు ఎత్తి చూచుకొని, మీటలు టకటకలాడించి, తెర చెప్పినట్లుగా పలికేవాడు. వినేవారు తెరకే నమస్కరించేవారు.

పదిగంటలవేళ యంత్రం బాగైందని కబురు రాగానే పుస్తకాన్ని గుడ్డలో చుట్టుకొని జబ్బారు దుకాణానికి వెళ్లాడు. అబ్దుల్ జబ్బార్ ఒకనాడు గడియారాలు బాగుచేసిన మనిషి. చేతిగడియారాలు తగ్గిపోయాక కంప్యూటర్ల పని నేర్చుకొన్నాడు.

"రండి పంతులుగారండీ, మీ ముసలాయన లేచి కూర్చున్నాడు" అన్నాడు జబ్బారు. "ఇన్నాళ్లూ దీని లెక్కలో నాకింకా పెళ్లే కాలేదండి. మా సకీనా వింటే, అయితే నన్ను పుట్టింట్లో దింపెయ్యమంటుంది."

"రోగం కుదిరిందా?"

"కుదిరిందండి. రెండువేలు దాటిన సంవత్సరం పెడితే చాలు, వెలిగించిన ప్రతిసారీ పందొమ్మిదివందల ఎనభైలో తొలిరోజుకి జారిపోయేది. అందుకే ఈ ఏడు ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి పెట్టి ఇచ్చాను, వారాలు కలుస్తాయని. ఇప్పుడొక చిన్న ప్రోగ్రాము ఎక్కించాను. వెలగ్గానే అదే సంవత్సరం సరిచేసుకుంటుంది. ఇక మీ జాతకాల లెక్క కూడా ఈ ఏటిదే వస్తుందండి. చూసుకోండి."

పాండురంగారావు గుడ్డ విప్పి గల్లాబల్లమీద పెట్టి, యంత్రం ముందు కూర్చొన్నాడు. పరీక్షకు ఏ తిథి అడగాలో వెతుక్కోవలసిన పని లేకపోయింది. నెలరోజులుగా గుండెలో ముల్లులా ఉన్నది ఒకటే: మార్గశిర బహుళ తదియ.

తెరమీద తేదీ వచ్చింది. అది ఈ రోజే.

తాను చెప్పింది మాత్రం రాబోయే బుధవారం తరువాతి బుధవారం.

కార్తికంలో శ్రీపర్రు నుంచి వెంకటనరసమ్మ కొడుకు తాతారావు భుజం పట్టుకొని అరుగెక్కింది. "మా ఆయన తిథి ఈ ఏడు ఎప్పుడొచ్చిందండీ? పై యేటికి నేనుంటానో ఉండనో" అని అడిగింది. పాండురంగారావు గుడ్డ అంచు ఎత్తాడు. అక్షరాలు చీమలబారులా అలుక్కుపోయాయి. కంటిలో పొర కమ్మిన సంగతి అప్పటికే తెలుసు. ఎవరిచేతనైనా చదివించవచ్చు, కాని చుట్టూ మనుషులున్నారు, పుస్తకం బయటపడుతుంది. తెరమీది అక్షరాలు పెద్దవి. మొట్టమొదటిసారి యంత్రం చెప్పిందే చదివేశాడు. "బుధవారమా! ఆయన పోయిందీ బుధవారమే నాయనా" అని ఆమె సంతోషించింది. వారం కలిసింది గదా అని అతడూ మనసు కుదుటపరచుకొన్నాడు.

వారాలు ఇరవై ఎనిమిదేళ్లకు కలుస్తాయి; తిథులు కలవవు. చంద్రుడి నడక వేరు. ఉపనయనమైన ఏడే తండ్రిగారు చెప్పిన పాఠమిది. శ్రద్ధతో చేసేదే శ్రాద్ధమన్న మాట కూడా ఆయనదే.

"ఏవండీ, తప్పొచ్చిందా?" అన్నాడు జబ్బారు ముఖం చూచి.

"యంత్రం సరిగానే ఉంది జబ్బారూ. నీ సెల్లు ఒకసారి ఇయ్యి."

శ్రీపర్రుకు ఫోను చేస్తే అటువైపు వెంకటనరసమ్మ కోడలు సత్యవతి పలికింది. "ఏవండీ పంతులుగారూ, బాగున్నారా?" అంది. ఉన్నమాట చెప్పడానికి నోరు తెరిచాడు. "ఊరికేనమ్మా. అటు వస్తున్నాను" అని పెట్టేశాడు. ఇంత సిగ్గులోనూ ఇంకొక అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! పుస్తకాన్ని చంకన పెట్టుకొని, యంత్రాన్ని అక్కడే వదిలి, గుడ్డ మరచి, బస్సుకు పరుగెత్తాడు.

బస్సు కిటికీలోంచి కోసిన చేలు, కుప్పలు, వాటి ఆవల కొల్లేటి తెల్లని నీటిపొర కనిపించాయి. ఆబ్దికం అపరాహ్ణంలో జరగాలి. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. ఎన్ని ఇళ్లలో ఎన్ని తిథులు చెప్పాడో ఒక్కొక్కటే గుర్తుచేసుకొన్నాడు. తక్కినవన్నీ, రేపు రమ్మని ఇంటిదగ్గర భూతద్దం పెట్టుకొనైనా, పుస్తకం చూచి చెప్పినవే. ఆ ఊరట కూడా అతనికి అసహ్యంగా తోచింది.

వెంకటనరసమ్మ వసారాలో నులకమంచంమీద ఉంది. చేతులు ఎండిన తామరకాడల్లా ఉన్నాయి. "వారం నుంచి గంజి కూడా దిగట్లేదండి" అంది సత్యవతి మెల్లగా. కుప్ప వేస్తున్న తాతారావును కళ్లంనుంచి పిలిపించారు. అతడు ఒంటినిండా గడ్డినూగుతో వచ్చి నిలుచున్నాడు.

పాండురంగారావు కూర్చోలేదు. "అమ్మా, ఆయన తిథి ఈ రోజే. నేను తప్పు చెప్పాను."

"బుధవారమని కంప్యూటరే చెప్పిందన్నారుగా?" అన్నాడు తాతారావు.

"కంప్యూటరు ఏనాడూ చెప్పలేదు బాబూ. పుస్తకం ఒళ్లో దాచుకొని, అది చెప్పినట్టు చెప్పేవాణ్ణి. ఆ రోజు నా కళ్లకు పుస్తకం ఆనలేదు. సిగ్గుపడి తెరమీదిది చదివేశాను. అది వేరే యేటి తిథి."

తాతారావు ముఖం నల్లబడింది. "మేము చదువుకోలేదని ఏం చెప్పినా చెల్లుతుందనుకొన్నారాండీ?" అన్నాడు. పాండురంగారావు నేలవైపే చూశాడు.

మంచంమీద ముసలమ్మ నవ్వింది, దగ్గులా వినిపించింది. "కళ్లు నాకూ పోయినాయి నాయనా. నేనేమన్నా దాచుకొన్నానా? అందరిచేతా సూదిలో దారం ఎక్కించుకొన్నాను." తరువాత కొడుకువైపు చెయ్యి చాచింది. "పొద్దు తిరగలేదుగా. స్నానం చెయ్యరా. పెద్దలకు బియ్యం ఇద్దాం."

ఆ ఇంటి ఆనవాయితీ స్వయంపాకం ఇవ్వడమే. సత్యవతి చేటలో కొత్తబియ్యం, పెసరపప్పు, అరటికాయ, కంద, నెయ్యి సర్దింది. బుధవారానికి చెప్పుకొన్న పురోహితుడు పొరుగూళ్లో ఎక్కడో ఉన్నాడు. పుచ్చుకోవడానికి బ్రాహ్మణుడు ఒక్కడే కనిపిస్తున్నాడు.

"నేను తగను" అన్నాడు పాండురంగారావు.

"తగినోణ్ణి వెతికేలోగా పొద్దు పోద్దండీ" అంది వెంకటనరసమ్మ. "పట్టండి."

అతడు ఉత్తరీయం చాచాడు. సంకల్పంలో ఈ సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి స్పష్టంగా పలికాడు. తాతారావు నువ్వులూ నీళ్లూ విడిచి, బియ్యం ఒడిలో పోశాడు. ఏనాడూ ఏ దానమూ అంత బరువుగా తోచలేదు. ముసలమ్మ మంచంమీద నుంచి చేట అంచును ఒక వేలితో ముట్టుకొంది.

ఆమెకు సత్యవతి ఆ రోజు రెండు చెంచాల పాయసం పట్టగలిగింది. ఎండ వసారా దిగి వాకిట్లోకి జారింది. పాండురంగారావు బస్సుకు లేవబోతుండగా సత్యవతి మంచం దగ్గర వంగి, "అత్తయ్యా" అని, మళ్లీ "అత్తయ్యా" అని పిలిచింది. పాయసం తడి ఇంకా పెదవిమీద ఉంది.

ఏడుపులు కాస్త తగ్గాక తాతారావు అతని ఎదుటికి వచ్చాడు. కోపం లేదు, నమ్మకం కూడా లేదు. "అమ్మ తిథి చెప్పండి. సరిగ్గా."

ఇరుగుపొరుగు వాకిటినిండా ఉన్నారు. పాండురంగారావు పంచాంగం అందరి ఎదుటా విప్పి, సత్యవతి చేతికిచ్చాడు. "నాకు కనపడదమ్మా. నువ్వు చదివి పెట్టు."

ఆమె కన్నీరు తుడుచుకొని, వేలు పెట్టి, కూడబలుక్కొని చదివింది. "మార్గశిర... బహుళ... తదియ. రేపు పొద్దుటిదాకా ఉందండి." ఆగి మగడివైపు చూసింది. "మామయ్యగారిదే."

ఆ తరువాత జెరాక్సు దుకాణం అరుగుమీద బల్ల కనిపించలేదు. తాడేపల్లిగూడెంలో చెల్లెలింట ఉన్నాడని ఒకరు, కంటి ఆపరేషను చేయించుకొన్నాడని ఒకరు అన్నారు. జబ్బారు కొన్నాళ్లు కబురు పంపించి, మానుకొన్నాడు. తుడిచేటప్పుడు ఒక్కొక్కసారి యంత్రాన్ని వెలిగించి తేదీ చూస్తాడు, తప్పడం లేదు. పైన దుమ్ము పడకుండా పంతులుగారు మరచిపోయిన పట్టుగుడ్డే కప్పుతాడు. ఆర్పడం మరచిన సాయంకాలాల్లో ఆ ఎర్రంచు కిందనుంచి సన్నని వెలుగు గల్లాబల్లమీద పడుతూ ఉంటుంది.