వాసన చూసిన పువ్వు

దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో, రాజోలు నుంచి వచ్చిన సుసన్న బాల్కనీకీ పక్కింటి భానుమతిగారి బాల్కనీకీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. భానుమతిగారి చెయ్యి దానికంటే పొడుగు.

ఆ గోడవారనే రెండు కుండీల్లో సుసన్న ప్రాణం ఉంది. తూర్పు కనుమల్లో ఒకే ఒక్క కొండమీద పూసే మొక్కలవి. ఆ కొండను క్వారీవాళ్ళు కంకర చేసి అమ్ముకుంటున్నారు. బోటనీ లెక్చరరైన తమ్ముడు దానియాల్ తను మొలిపించినవన్నీ కుళ్ళబెట్టుకుని, మిగిలిన గింజలు అక్క చేతిలో పోశాడు. చలికాలం రాగానే మొగ్గ తొడిగాయి. ఒక మొక్క పుప్పొడి రెండోదాని పువ్వుకు అంటితేనే కాయ. అక్కడైతే ఆ పనికి ఓ పురుగుంది, దోహాలో నువ్వే చూసుకోవాలన్నాడు. సుసన్న ఐలైనర్ బ్రష్షు సిద్ధం చేసుకుంది.

పువ్వు మిగిలితే కదా. తెల్లారేసరికి అవి భానుమతిగారి పూజలో ఉండేవి. పూజకు కోస్తే దొంగతనం కాదన్న నమ్మకంతో ఆవిడ గుంటూరులో ఎన్ని ప్రహరీల మీదికి వంగారో. ఇవి చాలా అరుదైనవండీ అని సుసన్న చెప్పి చూసింది.

"అంత అరుదా? అయితే దేవుడికే పెట్టాలి. పుణ్యంలో నీకూ వాటా ఉంటుందిలే, అమ్మాయ్."

"మా పాస్టరుగారు ఒప్పుకోరండీ."

ఓరోజు భానుమతిగారి మనవరాలు మల్లెదండ మూచూసిందట. వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదని ఆవిడ దండంతా పారేయడం సుసన్న గోడ ఇవతల్నించి విన్నది.

మర్నాడు తెల్లవారుజామున మసీదులో ఫజర్ అజాన్‌కే లేచి కాపు కాసింది. చెయ్యి గోడ దాటగానే ఈ కుండీలో ఓ పువ్వు, ఆ కుండీలో ఓ పువ్వు, ముక్కు లోపలిదాకా దూర్చి, చప్పుడయ్యేలా పీల్చింది.

చెయ్యి ఆగిపోయింది. "అయ్యో, ఎంగిలి చేశావూ?"

"అలవాటండీ."

ఆరోజు శుక్రవారం, అక్కడ సెలవు. చర్చిలో ఆరాధనకు బయల్దేరుతుంటే భర్త జడ్సన్ ఎగాదిగా చూశాడు. "ముక్కుమీద పసుపేంటే? సంఘంలో ఏమనుకుంటారు?"

సుసన్న అద్దంలో చూసుకుంది. పసుపు కాదు, పుప్పొడి. బ్రష్షును మళ్ళీ మేకప్ డబ్బాలో పడేసింది. ఆనాటి నుంచి పూలు అయిపోయేదాకా ఏ కుండీనీ చిన్నబుచ్చకుండా వాసన చూసింది.

కాయలు కట్టాయి. ఏ నంబరు బ్రష్షు వాడావక్కా, రిపోర్టులో రాయాలి అని దానియాల్ ఫోన్లో ఒకటే ఆరాటం.

"బ్రష్షు కాదు, పురుగే అని రాయరా," అంది సుసన్న. "రాజోలు జాతి."