నీలిమంటల కత్తి, నడుం నొప్పి

గడ్డివాములోంచి వంటవాడి పాదం ఒకటి బయటికి కనబడుతోంది. గుమ్మంలో రాజభటులు. "ఇక్కడెవరైనా దాక్కున్నారా?" అని టీవీ తెర అడుగుతోంది. కింద రెండే రెండు జవాబులు: ఉన్నాడు, లేడు.

అల్లుడు సోఫా అంచుకి జరిగి, కంట్రోలర్ గట్టిగా పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

పరుపుల షాపులో సేల్స్‌మన్ అతను. ఆటలో మాత్రం సత్యవ్రత వీరుడు. మొదటి ఊళ్ళోనే, చివరిదాకా ఒక్క అబద్ధం కూడా ఆడనని ప్రమాణం చేసి నీలిమంటల కత్తి సంపాదించాడు. కొండమీది డ్రాగన్‌ని చంపగలిగేది ఆ కత్తి ఒక్కటే. ఒక్క అబద్ధం ఆడితే చాలు, తుప్పు పట్టిపోతుంది. అందుకని దారిలో తగిలిన ముసలి రాణికి ఆవిడ మొహం మీదే ఆవిడ వయసు చెప్పి, చావు తప్పించుకుని ఇంతదూరం వచ్చాడు.

ఇంతటి సత్యసంధుడూ షాపుకి సెలవు పెట్టింది నడుం నొప్పి అని చెప్పి.

పరుపులమ్మేవాడు జ్వరమని చెప్పుకోవచ్చు, విరేచనాలని చెప్పుకోవచ్చు, పిచ్చికుక్క కరిచిందని కూడా చెప్పుకోవచ్చు. నడుం నొప్పి మాత్రం చెప్పకూడదు. వచ్చిన ప్రతివాడికీ "నేనీ పరుపుమీదే పడుకుంటానండీ, నాకు నడుమొకటి ఉందనే మర్చిపోయాను" అని చెప్పే నోరది. పోనీ ఓనరుకొక్కడికే చెప్పి ఊరుకున్నాడా? ఆట మీద ధ్యాసలో ఆ మెసేజ్ తీసుకెళ్ళి షాపు కస్టమర్ల గ్రూపులో పెట్టాడు. పెట్టి, ఫోను ఆపేసి, రాజ్యాన్ని రక్షించడానికి బయల్దేరాడు.

పెళ్ళాం అతని మూలుగు నమ్మింది. తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాలి కాబట్టి, చూసుకోమని తల్లిని పంపింది. అత్తగారు రైళ్ళలో టికెట్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. తొందరలో టికెట్ లేకుండా రైలెక్కిన సొంత మొగుడికే జరిమానా రాసి, రసీదు చేతిలో పెట్టిందని ప్రతీతి. దొంగ మొహాన్ని పెట్టె అవతలి చివరినుంచే పసిగడుతుంది.

పొద్దున్నంతా అల్లుడు నటనలో జీవించాడు. భోజనాలయ్యాక ఆవిడ కునుకు తీస్తోందనుకుని టీవీ పెట్టాడు. తెరమీద బందిపోట్లు మీద పడగానే సోఫామీంచి ఎగిరి గంతేశాడు. వెనక్కి తిరిగితే గుమ్మంలో వేడినీళ్ళ సంచితో అత్తగారు. నడుం గురించి ఒక్క మాటా అడగలేదు. వచ్చి పక్కన కూర్చుని, ఆ గడ్డంవాడెవడని మాత్రం అడిగింది.

ఆ గడ్డంవాడే వంటవాడు. యుద్ధం పడక సైన్యంలోంచి పారిపోయి వచ్చాడు. వీరుడి కాళ్ళు పట్టుకుని, గడ్డిలో దూరాడు. దొరికితే ఉరి.

తను 'ఉన్నాడు' అనే చెప్పబోతున్నానని అల్లుడు ఆవిడకి వివరించాడు. వంటవాడు పోతే పోయాడు, కత్తి ఉంటే రాజ్యమంతా బతుకుతుంది. పైగా నీతి అన్నాక అందరికీ ఒకటే. టికెట్ లేనివాణ్ణి ఎప్పుడూ వదలని మనిషి కాబట్టి ఆవిడ తన పక్షమేనని అతని ధీమా. ఆ ధీమాతోనే కంట్రోలర్ కిందపెట్టి, తడిసిన అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

అత్తగారు కంట్రోలర్ తీసుకుని 'లేడు' నొక్కింది.

భటులు వెళ్ళిపోయారు. నీలిమంట ఆరిపోయింది. చూస్తుండగానే కత్తి పాత తలుపు గడియలా ఎర్రబారింది.

"అత్తయ్యా, ఏంటండీ ఇది! మీరు కూడానా?"

"నా సర్వీసులో ఎంతమందిని పట్టుకున్నానో లెక్కలేదు, అల్లుడూ. ఒక్కణ్ణయినా ఉరి తీయించలేదు. జరిమానా కేసు వేరు, ఉరి కేసు వేరు. జరిమానా అయితే నా కన్నతల్లినైనా పట్టిస్తాను."

ఆటలో సత్రం దగ్గర సేవ్ చేసి పెట్టుకున్న ఘట్టం ఒకటుందని, అక్కడికి వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చి ఈసారి నిజం చెప్తానని అల్లుడు కంట్రోలర్ లాక్కున్నాడు.

"వాడిని చంపించడానికి రానూపోనూ ప్రయాణమా?" అంది ఆవిడ.

అతని వేలు బటన్ మీద ఉండగానే తలుపు దబదబా మోగింది. ఏవయ్యా, ఉన్నావా అన్న గొంతు ఓనరుది.

అల్లుడు సోఫాలోకి దూకి, దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. అత్తగారు టీవీ ఆపి, దుప్పట్లోంచి బయటికొచ్చిన అతని పాదాన్ని లోపలికి తోసి వెళ్ళి తలుపు తీసింది.

ముందు పరుపొచ్చింది. షాపులో అన్నిటికన్నా మందమైంది. దాన్ని మోసుకొచ్చిన ఇద్దరు మనుషులు గోడకి ఆనించి, రొప్పుతూ నడుములు పట్టుకున్నారు. వెనకాలే ఓనరు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు. గ్రూపంతా ఒకటే గోల. మీ పరుపుమీద పడుకున్న మీ మనిషికే నడుం పడిపోతే మా గతేంటని పొద్దుట్నుంచీ అడగనివాడు లేడు. ఆర్డర్లు వరసపెట్టి వెనక్కి పోతున్నాయి. నొప్పి నిజమే అయితే ఈ పరుపుమీద పడుకోబెట్టి నయం చేసి అందరికీ చూపించాలి. గ్రూపు అన్న మాట వినగానే, పొద్దున్న మెసేజ్ ఎక్కడ పెట్టాడో దుప్పటి కింద అల్లుడికి వెలిగింది.

ఓనరు దుప్పటివైపు ఓసారి, ఆరిపోయిన టీవీవైపు ఓసారి అనుమానంగా చూశాడు.

"అమ్మా, వీణ్ణి నేనడగను, వీడి మూలుగు నేను నమ్మను. మీరు టికెట్ ఇన్‌స్పెక్టరు. మీ నోట అబద్ధం రాదని మీ అమ్మాయే చెప్పింది. మీ మాటే నాకు సాక్ష్యం. వీడికి నిజంగా నడుం నొప్పేనా?"

అల్లుడు దుప్పటి అంచు కొద్దిగా ఎత్తి చూశాడు. అత్తగారు గొంతు సవరించుకుంటోంది. మొహంలో ఏ భావమూ లేదు. ఆవిడ అబద్ధం ఆడబోతోందని అతనికి తెలిసిపోయింది. తన మూలుగులకంటే అది బాగా అతుకుతుందని కూడా తెలిసింది. హాయిగా పడుకుంటే చాలు, గండం గడిచిపోతుంది. కానీ తెరమీద తుప్పు పట్టిన కత్తి కళ్ళముందు మెదిలింది. ఆవిడ మాటకున్న పరువూ అలాంటి కత్తే. వంటవాడి కోసం అంటే సరే. తనకి మహా అయితే ఉద్యోగం పోతుంది, ప్రాణం పోదు. ఎటునుంచి చూసినా ఇది జరిమానా కేసే.

దుప్పటి తన్నేసి నిటారుగా లేచి నిలబడ్డాడు.

"నొప్పి లేదండీ. ఆట ఆడుకోవడానికి సెలవు పెట్టాను."

ఓనరు అతన్ని కిందినుంచి పైకి చూశాడు.

"అసలు లేదా?"

"లేదండీ."

"వంగు."

అల్లుడు వంగి కాలివేళ్ళు ముట్టుకున్నాడు. ఓనరు ఫోను తీసి, గ్రూపులో పెట్టడానికి అదంతా వీడియో పట్టాడు. ఇంకోసారి వంగమన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే పరుపు మోసుకొచ్చినవాళ్ళలో ఒకణ్ణి కావలించుకున్నాడు. ఆ తర్వాత అల్లుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆపైన శిక్ష చెప్పాడు: ఈ నెలాఖరుదాకా షాపు అద్దాల వెనక పరుపుమీద పడుకోవాలి, గిరాకీ కనబడగానే లేచి వంగాలి. వచ్చిన మనుషులు ఆ పరుపుని తిట్టుకుంటూ మళ్ళీ మెట్లు దింపారు.

తలుపేశాక అత్తగారు మొహం మాడ్చుకుంది.

"బ్రహ్మాండమైన అబద్ధం సిద్ధం చేసుకున్నాను. బాత్రూంలో నన్ను లేవనెత్తబోయి పట్టేసిందని. పాడుచేశావు."

మర్నాడు అల్లుడు అద్దాల వెనక నూటొకటోసారి వంగుతుండగా ఫోను మోగింది. ఆట ఇప్పుడు తనే ఆడుతున్నానని, సత్రానికి వెనక్కి వెళ్ళకుండా తుప్పుకత్తితోనే కొండెక్కానని అత్తగారు చెప్పింది. వంటవాడు కూడా వెంట వచ్చాడట. ఇప్పుడు డ్రాగన్ ఎదురుగా ఉందట. ఇక్కడ వంటవాడెవడైనా దాక్కున్నాడా అని అడుగుతోందట.

అద్దం అవతల జనం ముక్కులు ఆనించి చూస్తున్నారు. అల్లుడు తలకిందులుగానే అడిగాడు.

"చెప్తే వాణ్ణి ఏం చేస్తుందట?"

"తింటుందట."

"అయితే లేడని చెప్పండి, అత్తయ్యా."