గుండీల పెట్టె

టైలరు తాత కాలు ఎప్పుడో అతుక్కుందనీ, కోడలి చేత సేవలు చేయించుకోడానికే మంచం దిగట్లేదనీ పక్కింటావిడ కుళాయి దగ్గర అందరితో అంటోందట. ఆ మాట మోసుకొచ్చింది కోడలే. మామగారి చెవిన వేసి, మంచినీళ్ళ గ్లాసు ఠక్కున పెట్టి పోయింది.

తాతకు ఒళ్ళు మండింది. తుంటి ఎముక విరిగి పది వారాలు. దుప్పటి కింద కుడిపాదం మాత్రం మిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది. నెలాఖరుకల్లా నడవకపోతే షాపు ఖాళీ చేసేస్తానని కొడుకు తేల్చేశాడు. ఇంకా నాలుగే రోజులు. లేచి నిలబడదామంటే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఆ సంగతి నోరు జారకుండా మింగేస్తున్నాడు.

కసరత్తు చేయించే అమ్మాయి వచ్చి లేపింది. రెండడుగులు. గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఆమె తాత చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి మొహం చిట్లించింది.

"కాలు బాగానే ఉంది తాతగారూ. బీపీయే మరీ పడిపోయింది. ఏం మాత్రలు వేసుకుంటున్నారు?"

తాత హుషారుగా తలగడ కింద నుంచి గుండీల పెట్టె తీశాడు. అరకో రంగు మాత్ర. "తెల్లది బీపీకి, ఎప్పటినుంచో ఉంది. పసుపుది షుగరుకి. గులాబీది ఆసుపత్రి వాళ్ళిచ్చారు, ఎముకకి."

"వీటి షీట్లేవి?"

"గుండీలు కొన్నాక అట్ట ఎవరు దాస్తారమ్మా?"

కోడలు పాత మందుల చీటీ, ఆసుపత్రి చీటీ వెతికి తెచ్చింది. అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చదివింది.

"గులాబీదీ బీపీదే! మందు ఒకటే, కంపెనీ మారితే రంగు మారింది. ఇన్నాళ్ళూ రెండింతలు మింగారు. ఇక ఎముక అతుక్కుని ఏం లాభం?"

అక్కడికక్కడే డాక్టరుకు ఫోను చేసింది. ఒకటి ఆపేయమని, సాయంత్రం తీసుకురమ్మని ఆయన చెప్పాడు. కోడలు గులాబీ మాత్రలన్నీ ఏరి కొంగున మూట కట్టింది. మామగారి మొహం చూడలేకపోయింది.

గుమ్మంలో నిలబడి అంతా విన్న కొడుకు తల పట్టుకున్నాడు. "కళ్ళు తిరుగుతున్నాయని ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా! మేమేం పరాయివాళ్ళమా?"

తాత పెట్టె మూత బిగించాడు.

"చెబితే షాపు ఆరోజే ఖాళీ చేసేవాడివి."